కమాను పట్టీ కత్తిపీట

మా వదిన కర్మ ముగిసింది. వచ్చిన చుట్టాల్లో కొందరు పొద్దున రైలుకు, మిగతావాళ్లు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. పాకాలలోని ఆ ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది. అన్న కూతురు ధనమ్మ వంటింట్లో అండాలు కడిగి బోర్లిస్తోంది. నడిమింట్లో స్తంభం పక్కన, ఎప్పుడూ ఉండే చోటే, వదిన కత్తిపీట ఉంది. మామూలు కత్తిపీటల రేకులాగా పలచగా ఉండదు దాని కత్తి. వేలెడు మందాన, కొద్దిగా వంగి, నల్లగా ఉంటుంది. చెక్కలో దిగిన చోట అంచుకు అర్ధచంద్రంలాగా ఒక కోత కనిపిస్తుంది. అది అందం కోసం చేసింది కాదు, బోల్టు రంధ్రంలో సగం. ఆ ఇనుము మా నాయన కారు వెనక చక్రం మీద కుదుపులు కాయడానికి ఇనుప పట్టీలు పేర్చి బిగించిన కమాను కట్టలోని ఒక పట్టీ. ఈ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు బతికున్నది నేను, ధనమ్మ. "ఇది నాకియ్యి ధనమ్మా" అన్నాను. ధనమ్మ చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి, "ముందు కాఫీ తాగు చిన్నాయనా" అంది.

మా నాయన ఆ కారును మదనపల్లె దిక్కున కాఫీ తోటల లెక్కలు చూసుకుంటూ ఉండి దేశం వదిలిపోయిన ఒక దొర దగ్గర కొన్నాడు. కొనేనాటికే అది పాతది. పైన గుడ్డ కప్పు, పక్కలకు అద్దాలు లేవు, ముందు చక్రాలకు బ్రేకులే లేవు. పాకాల స్టేషన్లో దిగేవాళ్లను చిత్తూరుకో, చంద్రగిరికో, తిరుపతికో తీసుకుపోవడం నాయన పని. పొద్దున్నే కుంకుడు నురగతో బండిని కడిగేవాడు. దీపాల ఇత్తడిని, పులుసు పిసికిన చింతపండు పిప్పితో రుద్దేవాడు. ఆ పిప్పి ఆయనకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ దక్కేది కాదు, మా అమ్మ బతికున్న రోజుల్లో ఆమె చెంబులకు కూడా. తర్వాత సాంబ్రాణి పట్టేవాడు. అందుకని ఆ కారులో ఎక్కితే పెట్రోలు, తోలు, సాంబ్రాణి, చింతపండు కలిసిన వాసన వచ్చేది. మరమ్మతు ఏదైనా ఉంటే ముందు కూర్చుని ఆకూ వక్కా నములుతాడు. అది పూర్తిగా నమిలి ఉమ్మేసిన తర్వాతే పానా ముట్టుకుంటాడు. ఎంత తొందర ఉన్నా సరే, స్టేషన్లో రైలు కూత వినబడుతున్నా సరే. నాకూ అన్న మునిరత్నానికీ ఆ కాసేపు ఒళ్లు మండిపోయేది. ముసలాయన కాలయాపన అనుకునేవాళ్లం. ఒక మనిషి తన కోపాన్ని నమిలి ఉమ్మి పనిలో దిగుతున్నాడని మాకు తెలియలేదు.

యుద్ధం రోజుల్లో పెట్రోలు చీటీల మీద ఇచ్చేవాళ్లు, బండి సామాను ఏదీ దొరికేది కాదు. అప్పుడు నేను ఒక బెల్లం వ్యాపారి మాట పట్టుకుని, నాయనకు చెప్పకుండా, వెనక సీటు తీసేసి బెల్లం దిమ్మలు నింపి చిత్తూరుకు తోలాను. దారిలో వెనక ఎడమవైపు కమాను కట్ట టప్పుమని విరిగింది. వెదురు బద్ద ఆనించి తడిపిన కొబ్బరి తాడుతో బిగించి కట్టి ఇంటికి తెచ్చాను. ఆ కట్టుతోనే బండి కొన్ని నెలలు కుంటుకుంటూ నడిచింది. అన్న కూడా "సామాను దొరికినప్పుడు సూద్దాంలే" అన్నాడు. అంతలో నాయనకు విషజ్వరం వచ్చింది. రాయవేలూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ తాడు కట్టుతో అంత దూరం కుదుపులు తింటే నాయన దారిలోనే పోతాడని అన్న కారు తీయనివ్వలేదు. రైలుకని ఆగాం. రైలు ఆలస్యమైంది. కాట్పాడి చేరేలోపలే నాయన ప్రాణం పోయింది.

ఆయన కర్మ రోజున, అరటాకుల ముందు చుట్టాలందరూ కూర్చుని ఉండగా, నేను అన్నను చూపిస్తూ అన్నాను: "కారు తియ్యనియ్యకుండా నాయన్ని సంపింది ఈడు." ఆ కట్ట విరిచింది నేనని అక్కడ సగం మందికి తెలుసు. అన్నకు తెలుసు. ఆయన ఆ మాట తిరిగి అనలేదు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆనాటి నుంచి మా మధ్య మాటలు లేవు.

మా వైపు ఇళ్లల్లో మగవాళ్లకు మాటలు లేకపోవడం పెద్ద వింత కాదు. ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి ఉంటారు, ఒకే కుండలో సంగటి తింటారు. చెప్పుకోవలసింది ఇంటి ఆడమనిషి ద్వారా చెప్పుకుంటారు. మా ఇంట్లో ఆ మనిషి వదిన కుప్పమ్మ. నగరి దగ్గర పల్లె ఆమెది. కోపం వస్తే మాటల్లో సగం అరవం దొర్లేది. అన్న తిన్నె మీద కూర్చుంటాడు, నేను కొట్టంలో బండి దగ్గర ఉంటాను, మధ్యలో పిడికెడు వాకిలి. ఎవరేమన్నా ఇద్దరికీ వినబడుతుంది. అయినా మాట వదిన మీదుగానే రావాలి.

"ఆ ఎదవకు జెప్పు" అనేవాడు అన్న. "బండి కడిగి తుడవకుండా వదిలేసినాడు. తుప్పు పడితే వాళ్ల నాయనొచ్చి తుడస్తాడా?"

"ఆయన మీ నాయన గూడా గదా" అని గొణిగి, వదిన వాకిలి దాటి నా దగ్గరకొచ్చి, "గోవిందూ, తడి తుడవమంటాడు మీ అన్న" అనేది.

"నాయన్ని తీసకపోనీకి పనికిరాని బండికి తుప్పు పడితే ఏమి, పట్టకపోతే ఏమి అని జెప్పు."

ఆమె తిరిగి వాకిలి దాటి, "తుడస్తాడంట" అనేది.

మేం వేసిన రాళ్లను ఆమె కొంగులో పట్టుకుని, అవతలి వైపుకు వట్టి కొంగు చూపించేది. అన్నీ వింటున్న మాకు ఆమె మాటలు మార్చుతోందని తెలుసు. తెలిసీ ఆ మార్చిన మాటకే పని చేసేవాళ్లం. ఆమె లేకుంటే ఆ ఏడు మాలో ఒకరు ఇంకొకరి తల పగలగొట్టేవాళ్లమే. నేను ఆ రోజుల్లో ఆమె గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తీగ మీద తంతి పోతుంది గదా, తీగకు ఏమవుతుందని ఎవరైనా అడుగుతారా?

అప్పట్లో తిరుమల కొండకు కొత్తగా రోడ్డు పడింది. కార్లు కొండెక్కుతున్నాయి. పురటాసి నెల వస్తే శనివారాలకు అరవదేశం నుంచి జనం గోవిందా గోవిందా అంటూ రైళ్ల నిండా వచ్చి పడతారు. ఆ లోపల కొండ పర్మిట్టు తెచ్చుకుంటే నాయన కారు మళ్లీ నాయన కారవుతుందని నా ఆశ. అన్నకు ఆ కారు కళ్లెదుట ఉండడమే ఇష్టం లేదు. ఇంజను విప్పి మా చేని బావికి బిగించి, నీళ్లు తోడుకుందామన్నాడు. బండి కాగితాలు ఇద్దరి పేరిటా మారాయి కాబట్టి ఒకరు కాదంటే ఇంకొకరు కదలలేరు. వదిన వాకిలి అటూ ఇటూ తిరిగి తిరిగి ఒక ఒప్పందం కుదిర్చింది. పురటాసి లోపల చిత్తూరులో బండ్లు తనిఖీ చేసే ఇనస్పెక్టరు సరేనంటే కారు కారుగానే ఉంటుంది. లేకుంటే ఇంజను బావికి పోతుంది. అన్న ఒక షరతు పెట్టాడు. "కుడిపక్క చక్రం నాది. కమాను కట్ట నేనే బిగించుకుంటా. వాని చెయ్యి నా పక్క పడగూడదు." ఆ షరతు వినగానే నేను లోపల సంతోషించాను. నాకూ అదే కావాలి.

మదరాసులో వాకబు చేయగా చేయగా ఒక పాత దుకాణంలో, ఎప్పుడో తెప్పించి అమ్ముడుపోని కొత్త కమాను కట్టలు రెండు దొరికాయి. గ్రీసు పూసిన కాగితంలో చుట్టి ఉన్నాయి. పసిబిడ్డలను పట్టుకున్నట్టు రైల్లో కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాను. ఇంటికి తెచ్చి విప్పితే ఆ గ్రీసు వాసనకు వదిన ముక్కు మూసుకుంది. అన్న తిన్నె మీద నుంచి మెడ కూడా తిప్పలేదు.

పాత కట్టలు ఊడదీయడమే ఒక యుద్ధమైంది. బోల్టులు తుప్పుతో కరుచుకుపోయాయి. కిరసనూనె పోసి నానబెట్టాం. నా వైపు ఒక బోల్టు పానాకు లొంగక తల తెగిపోయింది. నాయన అయితే అప్పుడు లేచి ఆకూ వక్కా వేసుకునేవాడు. నేను సుత్తి తీసుకుని బాదాను, వేలు నలిగింది. ఇద్దరం బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాం, అటు అన్న, ఇటు నేను. మధ్యలో ఇరుసు. ఆయన ఊపిరి, ఆయన ఒంటి చెమట వాసన నాకు తెలుస్తున్నాయి. ఒకసారి సుత్తి జారి ఆయన వైపు పడింది. ఆయన మోచేతి పక్కనే ఉంది. కొంచెం నెడితే నాకందుతుంది. నెట్టలేదు. నేను అడగలేదు. "వదినా, సుత్తి!" అని అరిచాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి, నేల మీద వంగి, ఆయన పక్క నుంచి సుత్తి తీసి, బండి చుట్టూ తిరిగి నా చేతిలో పెట్టింది. పెడుతూ, "ఇద్దురూ ఆ కిందనే పూడ్చుకోండి, మట్టి నేను తోస్తా" అంది.

తర్వాత ఇంకో చిక్కు. కొత్త కట్టలు విల్లులాగా బాగా వంగి ఉన్నాయి. బండి బరువు మీద పడి అవి చదునయితేనే రెండో కొస తగిలించే చోటికి చేరుతుంది. ఖాళీ కారు బరువు చాలలేదు. నేను వెళ్లి జాకీని తిట్టాను, అన్న గోడతో చెప్పి నన్ను తిట్టాడు. ఉపాయం వదినకే తట్టింది. అవి విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే రోజులు. వీధిలో ఆడవాళ్లను పిలిచి, చేటలతో సహా కారులో కూర్చోబెట్టింది. వెనక రుబ్బురోలు ఎత్తించింది. లావుపాటి వాళ్లను ఏరి మరీ వెనక సీట్లో కూర్చోబెట్టింది. వాళ్లు ఊరేగింపుకు పోతున్నట్టు కూర్చుని కాయలు ఒలుస్తుంటే, కింద కట్టలు మెల్లగా చదునయ్యాయి. తొక్కలు మా మొహాల మీద రాలుతున్నాయి.

"ఏమే కుప్పమ్మా, అన్నదమ్ములు కిందనే గదా ఉండేది? సప్పుడే లేదే" అంది పైనుంచి ఒకామె.

"కరుసుకునేటప్పుడు సప్పుడు వస్తాదిలే, నువ్వు కాయలొలువు" అంది వదిన.

వాళ్ల నవ్వులకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మంటలోనే కట్ట ఎత్తి, బోల్టు దూర్చి, బిగించేశాను. కమాను కట్టను ఇరుసు మీద నిలిపే నడిమి బోల్టు సరిగ్గా నడుమ ఉండదు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. మా బండికి పొడుగు చెయ్యి ముందుకు రావాలి. ఇది నాకు తెలియనిది కాదు. పాత కట్ట పక్కనే పడి ఉంది, చూసుకుంటే సరిపోయేది. నేను చూడలేదు. అవతల అన్న చూసుకున్నాడు. ఏ ఇద్దరు మనుషులైనా ఆ పని చేస్తూ, "ఏ కొస ముందుకు?" అని ఒకరినొకరు అడుగుతారు. మేం అడుక్కోలేదు.

కారు బయటికి తీస్తే పీతలాగా నడిచింది. ముక్కు ఒక దిక్కుకు, తోక ఒక దిక్కుకు. స్టేషను రోడ్డులో బడ్డీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు, "ఏమప్పా గోయిందూ, బండి పక్కసూపులు సూస్తా పోతాండాదే, ఎవుర్ని తగులుకునిందో!" అని ఒకటే నవ్వు. నేను పళ్లు కొరుక్కుంటూ తిప్పి తెచ్చాను. వాకిట్లో నిలబడి దుమ్ములో చక్రాల జాడ చూసిన వదిన, "ముందుకాళ్లు ఒక దావ, ఎనకకాళ్లు ఒక దావ. ఇంట్లో మనుసుల మాదిరే ఉండాది" అంది.

అన్న తిన్నె దిగి గోడ వైపు తిరిగి అన్నాడు: "ఎవురు తప్పు బిగించినారో వాళ్లే ఇప్పాల. వాళ్లకే తెలుసు."

నేను దారం తీసుకుని కొలిచాను. తప్పు నాదే. అది తెలిసిన క్షణంలో నా వైపు కట్ట విప్పి తిప్పేసి ఉంటే ఒక పూట పని. కానీ అన్న తిన్నె మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన కళ్లెదుట నా బోల్టులు నేను విప్పుకోవడమంటే, ఎడమవైపు కట్ట విరిచింది నేను, తప్పు బిగించింది నేను, నాయన చావుకు సగం కారణం నేను అని ఊరంతా వినేట్టు చెప్పడమే అనిపించింది. మర్నాడు అన్న సంతకు పోయాడు. వదిన చేలో ఉంది. నేను వెనక చెనిక్కాయల మూటలు బరువుకు వేసి, బండి కింద దూరి, అన్న బిగించిన కుడివైపు కట్టను విప్పి తిప్పాను. సరిగ్గా ఉన్నదాన్ని నా తప్పుకు జోడీ చేశాను. ఇప్పుడు రెండు తప్పులూ సమానమయ్యాయి. బండి తిన్నగా నడిచింది.

తిన్నగా నడిచింది గానీ, ఇరుసు మొత్తం ముందుకు జరిగిపోయింది. ఆ కాలపు కారు బ్రేకులకు నూనె గొట్టాలు ఉండవు. కాలి కింద పెడలు నుంచి వెనక చక్రాల దాకా ఇనుప కడ్డీలు. ఇరుసు ముందుకొస్తే ఆ కడ్డీలు వదులవుతాయి. తొక్కితే పెడలు లోపలికి దిగిపోతుంది, చక్రం పట్టుకోదు. సందులో తోలి చూసినప్పుడు నా కాలికి అది తెలిసింది. కడ్డీ మర బిగిస్తే సరిపోయేది. బిగించలేదు, ఆ పూటకు ఇది చాలనుకున్నాను. అంతలోనే అన్న సంత నుంచి వచ్చే వేళయింది. చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

చిత్తూరు పోయే రోజు వచ్చింది. కాగితాల మీద ఇద్దరి పేర్లున్నాయి గనుక ఇద్దరం ఇనస్పెక్టరు ముందు నిలబడాలి. ఇద్దరికీ మాటలు లేవు గనుక వదిన కూడా రావాలి. ఆయన ఏదైనా అడిగితే మా మాటలు మోయడానికి. ఆమె తెల్లవారక ముందే లేచి చిత్రాన్నం కలిపి, ఆకులో కట్టి, దీపాలకు పసుపూ కుంకుమా పెట్టింది. అన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్కన, ఆయనకు మోచెయ్యి తగలనంత దూరంగా. వదిన వెనక.

పూతలపట్టు దాటాక రోడ్డు పల్లానికి దిగుతుంది, అడుగున ఒక మోరీ. పల్లంలో సగానికి వచ్చేసరికి మోరీ మీదికి గొర్రెల మంద ఎక్కింది. అన్న బ్రేకు తొక్కాడు. పెడలు అడుగుకు దిగిపోయింది, బండి ఆగలేదు. చేతిబ్రేకు లాగాడు. అదీ ఆ కడ్డీలకే. గొర్రెల కాపరి కేకలు పెడుతున్నాడు. అన్న స్టీరింగు కోసి గట్టుకు తిప్పాడు. కారు మైలురాయికి గుద్దుకుని, ముక్కు ఎత్తి నిలబడింది. మా ఇద్దరికీ గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. వెనక వదిన కప్పు కమ్మీని పట్టుకుని ఉండింది. ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంగరాని వైపుకు వంగింది.

ఏడాదికి పైగా మాటలు లేని అన్నదమ్ములం అక్కడ, ఆ గట్టు మీద, నేరుగా మాట్లాడుకున్నాం.

"నా పక్క కట్ట నువ్వు తిప్పినావు" అన్నాడు అన్న.

"ఎవురు జెప్పినారు?"

"నా బోల్టులకు కిరసనూనె తడి ఆరలేదురా. సంత నుంచి వచ్చినప్పుడే సూసినా."

"సూసి గూడా తోలినావా?"

"నీ నోటితో నువ్వు జెప్తావని సూసినా. పొద్దున్నే బ్రేకు తొక్కితే వదులుగా తగిలింది. అప్పుడన్నా జెప్తావని సూసినా."

"నాకూ తెలుసు వదులని" అన్నాను నేను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. గెలవడానికే అనుకుంటాను. ఆయనకు తెలిసింది నాకూ తెలుసని చెప్పుకోవడానికి.

వదిన గట్టు మీద కూర్చుని, కుడిచెయ్యిని ఎడమచేత్తో ఒళ్లో పట్టుకుని, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. "ఇద్దురికీ తెలుసు" అంది. "తెలీకుండా బండెక్కింది నేనొకదాన్నే."

అంతటితో మేం నోళ్లు మూసుకుని ఉంటే ఇంత చెప్పుకోవలసిన పని ఉండేది కాదు. ఆమెను ఎక్కడికి తీసుకుపోవాలి అన్నదాని మీద మళ్లీ మొదలుపెట్టాం. అన్న రాయవేలూరు ఆసుపత్రికి అన్నాడు. ఎముకకు పుత్తూరు కట్టే గతి అని నేను. "నాయన్ని తీసకపోయింది సాలదా ఆ దావన?" అన్నాను. ఆయన నా గొంతు పట్టుకున్నాడు. గొర్రెల కాపరి మమ్మల్ని విడదీసి, వెదురు బద్దలు పెట్టి ఆమె చేతికి తలగుడ్డ చుట్టాడు. మా అరుపుల మధ్యనే వదిన లేచి, అటుగా పాకాల వైపు పోతున్న ఎడ్లబండిని ఆపి, తనే ఎక్కి కూర్చుంది. "ఇంక మీ మాటలు మీరే మోసుకోండి" అంది. బండి వెనక మేమిద్దరం నడిచాం. ఆ రోజంతా మా పంతాలు తేలలేదు. మర్నాడు పక్కింటామె వచ్చి, ఆమెను రైలెక్కించి పుత్తూరు తీసుకుపోయింది. కట్టు కట్టే ఆయన చూసి, "నిన్ననే రావాల్సింది గదమ్మా, వాపెక్కిపోయిందే" అన్నాడట. చెయ్యి అతికింది గానీ, తిన్నగా అతకలేదు. ఆ చేత్తో ఆమె మళ్లీ బిందె ఎత్తలేదు.

పర్మిట్టు మాట అక్కడితో పోయింది. ఇంజను బావికి పోయి చాలాకాలం నీళ్లు తోడింది. మిగతా ఇనుము కొట్టం మూలన పడి ఉంది. ఒకనాడు వదిన ఆ కుప్పలో నుంచి నేను తప్పు బిగించిన కమాను కట్టలోని పెద్ద పట్టీని లాగి, ఎడమచేత్తో ఈడ్చుకుంటూ కమ్మరి కొలిమికి తీసుకుపోయింది. బోల్టు రంధ్రం దగ్గర తెగ్గొట్టించి, సానబట్టించి, కత్తిపీట చేయించుకుంది. ఎడమచేతివాటానికి పదును పెట్టించింది. వంటింట్లో పెట్టుకోలేదు. మేం అన్నానికి కూర్చునే నడిమింట్లో, స్తంభం పక్కన పెట్టింది. అక్కడే కూర్చుని, వంకర చెయ్యి పీట మీద ఆనించి, ఎడమచేత్తో వంకాయో, పొట్లకాయో తరిగేది. మా వైపు తరగడం అయిపోగానే కత్తిపీటను పక్కకు పడుకోబెడతారు. నిలబెట్టి వదిలితే ఇంట్లో తగువులొస్తాయంటారు. ఆమె మాత్రం నేనూ అన్నా తిని లేచేదాకా దాన్ని నిలబెట్టే ఉంచేది. ఒకసారి పక్కింటామె, "పండబెట్టు కుప్పమ్మా, తగువులొస్తాయి" అంది. "పోయింటే గదక్కా రానీకి" అంది వదిన.

నేనూ అన్నా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం, మోసేవాళ్లు లేక. బావి గురించి, వానల గురించి, పొలం గట్టు గురించి. ఆప్యాయత పెరిగిందని చెబితే అబద్ధం. నేను కొన్నాళ్లకు తిరుపతి వెళ్లి బస్సు డ్రైవరునయ్యాను. జీవితమంతా బస్సు కదిలించే ముందు బ్రేకు తొక్కి చూసుకున్నాను. తోటివాళ్లు అది భక్తి అనుకునేవాళ్లు. ఇప్పుడు నా మనవడి కారులో కూర్చుంటే రోడ్డులో గుంత ఉన్నదీ లేనిదీ తెలియదు. వాడు దాని కమాన్లు ఎక్కడున్నాయో ఎన్నడూ చూడలేదు. అవి పాడైతే బండిని వదిలేసి వచ్చి, సాయంత్రం తెచ్చుకుంటాడు. ఇద్దరు మనుషులు ఇటూ అటూ పడుకుని, ఒకరినొకరు అడుక్కుంటూ చేయవలసిన పని ఇప్పుడు ఇళ్లల్లో ఏదీ మిగలలేదు. మేలే అనుకుంటాను. ఆ అడగడం చేతకాకనే మేం చెడిపోయాం. కాలం నన్ను మెత్తబరిచిందని మాత్రం అనుకోకండి. ఈ నాటికీ తప్పు నాదని తెలిసిన చోట నా గొంతే ముందు లేస్తుంది. ఇంట్లోవాళ్లనడగండి.

అన్న పోయాక, కొన్నేళ్ల కింద, నేను పాకాల వెళ్లి వదిన ముందు కూర్చున్నాను. ఆమె చిక్కుడుకాయలు తరుగుతోంది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాట అక్కడ నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. "నాది తప్పు వదినా. ఆ కట్ట నేను తిప్పింది తప్పు. నిన్ను ఆ బండెక్కనిచ్చింది అంతకంటే తప్పు" అన్నాను. ఆమె తల ఎత్తలేదు. కాయలు కత్తికి అటూ ఇటూ రాలుతున్నాయి.

"ఈ మాట ఎవురికి జెప్పమంటావు గోవిందూ?" అంది. "మీ అన్న లేడే."

"నీకే వదినా" అన్నాను.

"నాకా?" అంది. "మీ ఇంట్లో నాకని ఎవురన్నా మాట పంపిచ్చినారా ఎప్పుడన్నా? నాకు తీసుకోను రాదప్పా." మిగిలిన కాయలు నా వైపు నెట్టి, "నారలు తియ్యి" అంది. నారలు తీశాను.

కాఫీ తాగాక ధనమ్మను మళ్లీ అడిగాను. "కత్తిపీట సంగతి ఏం జెప్పినావు?"

ధనమ్మ నా ఎదుట కూర్చుంది. "అమ్మ ముందే జెప్పిపోయింది చిన్నాయనా. సిన్నాయన అడుగుతాడు, ఇయ్యొద్దు అనింది. వచ్చినప్పుడంతా కూసోబెట్టి కూరగాయలు తరిగిచ్చుకో, అనింది."

వంటింట్లోంచి ఒక పొట్లకాయ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను కిందికి దిగి, కత్తిపీట చెక్క మీద కాలు ఆనించి కూర్చున్నాను. అలవాటు చొప్పున కాయను కుడిచేత్తో తోశాను. కత్తి కాయలో తిన్నగా దిగలేదు, పక్కకు లాగింది. ముక్క ఒక వైపు లావుగా, ఒక వైపు పలచగా తెగింది. ఇన్నేళ్లు ఒకే వాటాన అరిగిన పదును అది. చెయ్యి మార్చాను. ఎడమచేత్తో తోస్తే తిన్నగా తెగింది. నాకే ఆ చేతికి బలం చాలక, ప్రతి ముక్కకూ భుజం దాకా నొప్పి లాగింది.

"సన్నంగా తరుగు చిన్నాయనా, పెసరపప్పులో ఎయ్యాల" అంది ధనమ్మ.

అంతా తరిగేసరికి పొద్దు వాకిలి దాటింది. లేస్తూ, చిన్నప్పటి నుంచి చూసిన అలవాటు కొద్దీ, కత్తిపీటను పడుకోబెట్టడానికి చెయ్యి చాచాను. అర్ధచంద్రం కోత మీద వేలు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ధనమ్మ ఆకు వేసి అన్నం వడ్డించింది. నేను తిన్నంతసేపూ అది స్తంభం పక్కన నిలబడే ఉంది.